జోసయా వెడ్జివుడ్డు: ఇల్లును, కార్ఖానాయు

మన గ్రామములలో కుమ్మరివాడను చూడని బాలుడుండడు. అచ్చట గృహస్థు సారె త్రిప్పుచుండును. ఇల్లాలు మన్ను పిసికి సిద్ధపఱచుచుండును. పిల్లలు ఆరిన కుండలను ఎండనుండి నీడకు చేర్చుచుందురు. ఇల్లే పనిచోటు, పనిచోటే ఇల్లు. పని చిన్నదిగా నున్నంతవఱకు ఈ యేర్పాటు సుఖముగనే సాగును. అయితే ఆ పని పెరిగి పెద్దదై, వందలకొలది పనివారు వచ్చి చేరి, దూరదేశములనుండి సరకు కోరుచు ఉత్తరములు వచ్చుచున్నపుడు, ఆ గృహస్థునకు భార్యాబిడ్డలతో కూర్చుండి మాటలాడు తీరిక ఎక్కడిది? వ్యాపారము నిలువబెట్టవలెనన్న ఇల్లు చెడవలసినదేనా? ఇల్లు చూచుకొనవలెనన్న వ్యాపారము మానవలసినదేనా? ఈ ప్రశ్నకు తన జీవితమంతయు సమాధానము వెదకిన కుమ్మరి యొకడు ఇంగ్లండులో నుండెను. ఆయన పేరు జోసయా వెడ్జివుడ్డు. ఆయన చరిత్రమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

జోసయా 1730 వ సంవత్సరమున స్టాఫర్డుషైరు మండలములోని బర్స్‌లెమ్ అను ఊరిలో జన్మించెను. తాతతండ్రులనాటినుండి ఆ కుటుంబమువారు కుమ్మరపు పనియే చేయుచుండిరి. తలిదండ్రులకు కలిగిన బిడ్డలలో నితడే కడగొట్టువాడు. ఆ కాలమున బర్స్‌లెమ్‌లో తయారగు పాత్రలు మొరటువి. మన్ను కొఱకు జనులు బాటలనే త్రవ్వుచుండుటచేత దారులు గోతులమయమై యుండెడివి. సరకును గుఱ్ఱముల వీపులపై కెత్తి పంపుచుండిరి. మార్గమధ్యముననే ఎన్నియో పాత్రలు పగిలిపోవుచుండెను.

1739 లో తండ్రి మరణించెను. అప్పటికి జోసయాకు తొమ్మిదేండ్లు. తండ్రి వ్రాసిన మరణశాసనము ప్రకారము అతనికి రావలసినది ఇరువది పౌనులు మాత్రమే. కార్ఖానా పెద్దన్నయగు థామసుకు చెందెను. బాలుని చదువు అంతటితో ముగిసెను. కొలదికాలమునకు మశూచికము సోకి, ప్రాణము దక్కినను కుడి మోకాలు చెడిపోయెను. 1744 లో అతడు అన్నయొద్ద అయిదేండ్ల శిష్యరికమునకు కుదిరెను. కాలితో తన్ని త్రిప్పవలసిన సారెపై నిరంతరము పనిచేయుటకు ఆ మోకాలు సహకరింపలేదు. దానిచే నాతని బుద్ధి చేతిపనినుండి పదార్థములవైపునకు మరలెను. ఏ మన్ను ఏ వేడికి ఏ రంగు వచ్చును, ఏ పూత పగులును, ఏది నిలుచును అని పరీక్షించుట అతనికి వ్యసనమయ్యెను. శిష్యరికము ముగిసిన పిమ్మట అన్న అతనిని భాగస్వామిగా చేర్చుకొన నిష్టపడలేదు. 1754 లో థామసు వీల్డన్ అను పేరొందిన కుమ్మరితో పొత్తు కలసి అయిదేండ్లు పనిచేసి, 1759 లో బర్స్‌లెమ్‌లో తన బంధువులవద్ద ఒక చిన్న కార్ఖానాను అద్దెకు తీసికొని జోసయా స్వంతముగా వ్యాపారము ప్రారంభించెను. అప్పటి కాయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు.

1762 లో ఆయన లివర్‌పూలునకు గుఱ్ఱముపై పోవుచుండగా మార్గమున మోకాలికి దెబ్బ తగిలి, ఆ పట్టణమున కొన్ని వారములు మంచమెక్కవలసివచ్చెను. చికిత్స చేసిన వైద్యుడు తన మిత్రుడైన థామసు బెంట్లీ అను వర్తకుని రోగికి తోడుగా తీసికొనివచ్చెను. బెంట్లీ చదువుకొన్నవాడు, దేశములు చూచినవాడు, భార్యను పోగొట్టుకొని దుఃఖము నెఱిగినవాడు. మంచముప్రక్కన నారంభమైన ఆ స్నేహము జీవితాంతము నిలిచెను. వ్యాపారపు సంగతులను, ఇంటి సంగతులను జోసయా ఒకే ఉత్తరములో నాయనకు వ్రాయుచుండెను. ఆయన మనస్సులో ఆ రెంటికిని అడ్డుగోడ లేదనుటకు ఆ ఉత్తరములే సాక్ష్యము.

ఇంతలో జోసయాకు వివాహాపేక్ష కలిగెను. కన్య దూరపు బంధువే. పేరు సారా వెడ్జివుడ్డు. ఆమె తండ్రి రిచర్డు చెషైరులో జున్ను వర్తకము చేసి ధనము గడించినవాడు. కూతునకు తానిచ్చు ధనమునకు దీటుగా వరుడును చూపవలెనని ఆయన పట్టుపట్టెను. ఇప్పుడిప్పుడే వ్యాపారము మొదలిడినవానికి చేతిలో రొక్కమెక్కడిది? ఉన్నదెల్ల మన్నులోను, ఆవములలోను, పరీక్షలలోను చిక్కుకొని యుండెను. న్యాయవాదులు నెలలతరబడి పత్రములు వ్రాయుచు, కొట్టివేయుచు కాలము గడపిరి. జోసయా విసిగినను తొందరపడి కార్ఖానాను అమ్ముకొనలేదు. కన్యను విడిచిపెట్టను లేదు. తుదకు 1764 వ సంవత్సరము జనవరి 25 వ తేదీన వారి వివాహము జరిగెను.

అంత ధనవంతుని కూతురు కుమ్మరి యింట దుమ్ములో నెట్లు మసలునో యని కొందఱు సందేహించి యుండవచ్చును. ఆమె భర్త పనిని తన పనిగా చేసికొనెను. పోటీదారులు తెలిసికొనకుండుటకై జోసయా తన పరీక్షలను రహస్య సంకేతములతో పుస్తకమున వ్రాసికొనుచుండెను. సారా ఆ సంకేతములను నేర్చుకొని పరీక్షలలో నాయనకు ముఖ్య సహాయురాలయ్యెను. క్రొత్త పాత్ర ఏది తయారైనను ముందుగా నామె యొద్దకు వచ్చుచుండెను. తేనీటి కూజా మూత జాఱుచున్నదా, ముక్కునుండి చుక్కలు కారుచున్నవా, పిడి చేతికి కుదురుచున్నదా యని ప్రతిదినము వాడు ఇల్లాలికే తెలియును గాని సారె త్రిప్పువానికి తెలియదు. ఆమె ఒప్పిన రూపమునే బజారుకు పంపుటచేత ఆ పాత్రలు కొన్న గృహిణులు సంతోషించిరి. భార్య అభిప్రాయము నడుగుట ఆయనకు మర్యాద మాత్రమే కాదు. వ్యాపారమున నొక పెట్టుబడి.

1765 జనవరిలో వారికి తొలిబిడ్డ సుసన్నా పుట్టెను. ఆ సంవత్సరముననే షార్లెటు రాణికొఱకు ఒక తేనీటి సామాను తయారుచేయవలెనని కోరిక వచ్చెను. బంగారు అలంకారముతో కూడిన ఆ పని కష్టమని తలంచి ఇతర కుమ్మరులు దానిని పట్టించుకొనలేదు, జోసయా అంగీకరించెను. ఒకవైపున ఊయెల, ఒకవైపున ఆవము. రెండును రాత్రియనక పగలనక కనిపెట్టి చూడవలసినవే. పని నెఱవేఱెను. మఱుసటి యేట రాణికి కుమ్మరియను బిరుదు నాయన కిచ్చిరి. మీగడవన్నె గల ఆయన పాత్రలు రాణిపేరిట దేశమంతట వ్యాపించెను. రాణి వాడినదానిని ప్రభువులు కొనిరి. ప్రభువులు కొన్నదానిని మధ్యతరగతివారును కోరిరి.

1766 లో ట్రెంటు, మెర్సీ నదులను కలుపు కాలువ త్రవ్వకము ప్రారంభమయ్యెను. పగిలిపోవు సరకునకు గుఱ్ఱపుబాటకంటె నీటిబాట మేలని జోసయా ఎంతయో పాటుపడి, జీతము లేకయే ఆ సంఘమునకు కోశాధికారిగా పనిచేసెను. ఇందుకై ఆయన తఱచుగా ఇల్లు విడిచి తిరుగవలసివచ్చెను. ఇట్లు ఒకేసారి అనేక భారములు నెత్తికెత్తుకొనినవానికి దెబ్బలును ఒకేసారి తగులును. లండనులో వ్యవహారములు చక్కబెట్టుచుండిన అన్న జాన్ 1767 లో నీట మునిగి మరణించెను. జోసయాకు ఆయన తోబుట్టువు మాత్రమే కాడు, కుడిభుజము. అటుపిమ్మట మోకాలి బాధ భరింపరానిదయ్యెను. కాలు తీసివేయక తప్పదని వైద్యులు నిశ్చయించిరి.

1768 మే 28 వ తేదీన ఆ శస్త్రచికిత్స జరిగెను. ఆ కాలమున మత్తుమందులు వాడుకలోనికి రాలేదు. నల్లమందు ద్రావకము కొంచెము త్రాగించుటయే. జోసయా కుర్చీలో కూర్చుండి ధైర్యముతో దానిని సహించెను. ఆ దినముననే కార్ఖానా గుమాస్తా లండనునకు వ్రాసిన ఉత్తరములో యజమాని కాలు తీసివేసిన వార్తయు, ఒక కొనుగోలుదారుని సరకు కట్టించిన వార్తయు ఒకదానిప్రక్క నొకటి యుండెను. దినములలోనే మఱియొక దుఃఖము సంభవించెను. వారి పసిబిడ్డ రిచర్డు మరణించెను. తండ్రి మంచము దిగలేని స్థితిలోనుండగా తల్లి ఒక గదిలో గాయమునకు కట్టు కట్టుచు, మఱియొక గదిలో బిడ్డను పోగొట్టుకొనెను. అట్టి దినములలో సారా ఏమి తలంచెనో ఎవరును వ్రాసి పెట్టలేదు. ఆమె పరిచర్యచే జోసయా కోలుకొనెనని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. కొన్ని వారములలోనే ఆయన క్రొత్త కార్ఖానా కట్టుచున్న స్థలమునకు పోయి పనులు చూచుకొనసాగెను. తరువాత కొయ్యకాలితోనే నడచుచు జీవితము గడపెను.

ఆ క్రొత్త స్థలమునకు ఎట్రూరియా యని పేరు పెట్టిరి. 1769 జూన్ 13 వ తేదీన దానిని ప్రారంభించిరి. అప్పటికి బెంట్లీ భాగస్వామియై యుండెను. ఆ ఉదయమున బెంట్లీ చక్రము త్రిప్పగా జోసయా స్వహస్తములతో ఆఱు నల్లని కలశములను చేసెను. క్రొత్త కాలువ ఆ కార్ఖానా ముంగిటనే పాఱునట్లు ఏర్పాటు జరిగెను. పనివారికి ఇండ్లు కట్టించిరి. కార్ఖానాకు కనుచూపు దూరమున మెఱకమీద జోసయా తన యిల్లు కట్టించుకొనెను. కిటికీలోనుండి చూచినచో ఆవములు కనిపించును. ఆవములయొద్దనుండి చూచినచో ఇల్లు కనిపించును. కార్ఖానా వృద్ధియైన పిమ్మట దూరపు పట్టణమున భవనము కట్టుకొని, పనిని గుమాస్తాల కప్పగించు వర్తకులు పలువురు గలరు. ఈయన అట్లు చేయలేదు.

1772 లో సారాకు తీవ్రమైన జబ్బు చేసెను. జోసయా ఆమెను ఆరోగ్యస్నానములకు పేరుగాంచిన బాత్ పట్టణమునకు తీసికొనిపోయెను. ఆ యేడు వర్తకమునకు కష్టకాలము. దేశమంతట అప్పులవారు చితికిపోవుచుండిరి. అయినను భార్య ఆరోగ్యము ఆయనకు లెక్కలపుస్తకముకంటె ముందు వచ్చెను. ఆయన లేని దినములలో కార్ఖానా నిలిచిపోలేదు. నమ్మకమైన పనివారిని, వారికి స్పష్టమైన నియమములను ముందే ఏర్పఱచియుండుటయే దానికి కారణము. ఎవరి పని వారికి విభజించి నేర్పి, గంటకొట్టిన వేళకు వచ్చునట్లు అలవాటుచేసినందున యజమాని ప్రతినిమిషము నిలువబడి చూడవలసిన యగత్యము లేకపోయెను. ఇంటికొఱకు తీరిక కోరువాడు మొదట తన పనిని క్రమములో పెట్టుకొనవలెనను పాఠము ఇందు గలదు.

సారా కోలుకొనిన పిమ్మట వ్యాపారము మఱింత వృద్ధియయ్యెను. రష్యా చక్రవర్తిని కాథరీను కొఱకు 952 పాత్రలు గల గొప్ప భోజనపు సామానును తయారుచేసి 1774 లో పంపిరి. ఆ పాత్రలపై ఇంగ్లండులోని భవనములు, తోటలు మొదలగువాని దృశ్యములు పండ్రెండువందలకు మించి చిత్రింపబడెను. వేలకొలది పరీక్షల పిమ్మట లేతనీలము మొదలగు రంగుల నేలపై తెల్లని బొమ్మలు తీర్చిన జాస్పర్ అను క్రొత్త పదార్థమును ఆయన కనిపెట్టెను. ఆవపు వేడిని కొలుచు సాధనమును కల్పించి, దానికిగాను 1783 లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. తొమ్మిదేండ్లకే బడి మానిన బాలుడు దేశములోని మహాపండితుల సరసన కూర్చుండెను.

బిడ్డల చదువు విషయమున ఆయన పడిన శ్రద్ధ ఉపాధ్యాయులమైన మాకు విశేషముగా తోచును. దూరపు బడులకు పంపిన బిడ్డల ఆరోగ్యము చక్కగా నుండకపోవుటచేత 1779 ప్రాంతమున ఎట్రూరియాలోనే ఇంటిబడి ఏర్పఱచెను. మిత్రుడైన డాక్టరు ఎరాస్మసు డార్విను కుమారుడును వారితో చదువుకొనెను. లాటిను, ఫ్రెంచి, చిత్రలేఖనము, లెక్కలు నేర్పించిరి. ఉపన్యాసకుని పిలిపించి రసాయనశాస్త్రము చెప్పించిరి. పాఠములతోపాటు తోటలో ఆటకును, గుఱ్ఱపుస్వారికిని వేళ యుండెను. 1780 లో జార్జి స్టబ్స్ అను చిత్రకారుడు వ్రాసిన పటములో జోసయా, సారా దంపతులు తమ యేడుగురు బిడ్డలతో తోటలో కనిపింతురు. వారిలో కడపటిదైన మేరీ ఆన్ శైశవమునుండియు వ్యాధితో బాధపడెను. ఆ బిడ్డకు తలిదండ్రులు చేయింపని చికిత్స లేదు. 1786 లో ఆమె మరణించెను. పటము వ్రాసిన యేటనే, 1780 నవంబరులో, బెంట్లీయు మరణించెను. ఇంటి సంగతులును, కార్ఖానా సంగతులును కలిపి చెప్పుకొనుటకు జోసయాకు అట్టి మిత్రుడు మరల దొరకలేదు.

ధనము చేరినకొలది ఆయన హృదయము కుంచించుకొనిపోలేదు. ఆఫ్రికావాసులను పట్టి బానిసలుగా అమ్ము వర్తకమును నిర్మూలింపవలెనని ఇంగ్లండులో 1787 లో సంఘమేర్పడగా ఆయన అందు చేరెను. సంకెళ్లతో మోకరిల్లి వేడుకొను ఆఫ్రికావాసి బొమ్మ గల చిన్న బిళ్లలను తన కార్ఖానాలో చేయించి ఉచితముగా పంచిపెట్టించెను. వానిని కొన్నిటిని అమెరికాలోని బెంజమిను ఫ్రాంక్లినుకును పంపెను. స్త్రీలు వానిని ఆభరణములుగా ధరింపగా, వాదములు చొరని ఇండ్లలోనికి ఆ బొమ్మ చొచ్చెను.

అయితే ఒక మహనీయుని చరిత్రము వ్రాయునపుడు వెలుగును చూపి నీడను దాచుట న్యాయము కాదు. జోసయా బిడ్డలు ఇంట ఫ్రెంచి నేర్చుచుండిన కాలమున, ఆ ప్రాంతపు కుమ్మరపు కార్ఖానాలన్నిటివలెనే ఎట్రూరియాలోను పనివారి పిల్లలు చిన్నతనముననే మన్ను మోయుచు, అచ్చులు పట్టుకొని పరుగెత్తుచు నుండిరి. ఆయన మరణించిన చాలకాలమునకు, 1816 లో, పార్లమెంటు విచారణలో పదేండ్లు నిండని పిల్లలు కొందఱు అచ్చట పనిచేయుచున్నట్లు వెల్లడియయ్యెను. పనివారికి ఇండ్లను, జబ్బుచేసినపుడు సహాయమునకు నిధిని ఏర్పఱచిన దయగల యజమానియే యైనను, తన గుమ్మములోని బాల్యమునకును గుమ్మము వెలుపలి బాల్యమునకును గల భేదము నాయన పూర్తిగా చూడలేకపోయెను. సంకెళ్లలోని దూరదేశస్థుని చూచిన కన్నులకు దగ్గరనున్న బాలుడు కనబడకపోవుట మనకును సంభవింపవచ్చును.

మఱియొక నీడయు గలదు. 1790 లో ఆయన తన ముగ్గురు కుమారులను, మేనల్లుని వ్యాపారమున భాగస్వాములుగా చేర్చుకొనెను. కాని మూడేండ్లలో జాన్, థామసు అను ఇరువురు కుమారులు తప్పుకొనిరి. తండ్రి సంపాదించిన ధనమును, చదువును వారిని మన్నుముద్దకు దూరము చేసెను. థామసు వెలుతురుచే బొమ్మలను పడవేయు పరీక్షలుచేసి, ఫోటోగ్రాఫుల విద్యకు దారితీసినవారిలో నొకడని పేరుపొందెను. అతడు పూర్వపు పనిని విడిచినను, తండ్రి యింట నలవడిన పరీక్షాబుద్ధిని విడువలేదు. కార్ఖానా భారము రెండవ జోసయాపై పడెను. మన కష్టార్జితమును బిడ్డలకు ఇయ్యగలము గాని, మన కష్టమునందలి ప్రీతిని ఇచ్చుట అంత సులభము కాదు.

1795 జనవరి 3 వ తేదీన, అఱువదినాలుగవ యేట, జోసయా వెడ్జివుడ్డు ఎట్రూరియాలోని తన యింట కన్నుమూసెను. సారా ఇరువదియేండ్లు మఱియును జీవించి 1815 లో మరణించెను. కాలు పోయిన దినములకు మూడేండ్లు ముందు పుట్టిన సుసన్నా, ఇంటిబడిలో సహాధ్యాయుడైన రాబర్టు డార్వినును 1796 లో వివాహమాడెను. ప్రకృతిశాస్త్రజ్ఞులలో నగ్రగణ్యుడైన చార్లెసు డార్విను వారి కుమారుడే. 1831 లో ఆ యువకుని భూప్రదక్షిణ యాత్రకు పంపుటకు తండ్రి సమ్మతింపకుండగా, ఆయనకు నచ్చజెప్పి ఒప్పించినవాడు మేనమామయగు రెండవ జోసయా. ఆవముల ప్రక్కనున్న ఆ యింటి ఫలము ఎంతదూరము వ్యాపించెనో చూడుడు.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు అంగడి పెట్టుదురు, కొందఱు అచ్చుకూటము పెట్టుదురు, కొందఱు తండ్రులు చేయు నేతపనినో వడ్రంగమునో పెంపుచేయుదురు. పని పెరుగునపుడు ఇంటికి తలుపు మూయకుడు. జోసయా రెండు పనులకు రెండు మనస్సులు పెట్టుకొనలేదు. తన పనిని భార్యకు తెలియజెప్పెను, బిడ్డల చదువును తన పనిగా నెంచెను, కష్టకాలమున మిత్రుని పిలిచెను, జబ్బు వచ్చినపుడు లెక్కలపుస్తకమును మూసెను. తలిదండ్రులకు నాదొక్క మనవి: రాత్రి అంగడి కట్టివచ్చిన పిమ్మట, ఆ దినమున జరిగిన లాభనష్టములను ఇల్లాలితోను, ఎదిగిన బిడ్డలతోను పది నిమిషములు చెప్పుకొనుడు. దానికి ఖర్చు లేదు. కుమ్మరి సారెకు నడుమ కీలు ఎట్టిదో, వృద్ధికి వచ్చు వ్యాపారమునకు ఇల్లు అట్టిది. కీలు కదలక నిలిచియున్నచోనే చక్రము తిరుగును.